గోల్‌పోస్టు మీద నేను ప్రకటించిన యుద్ధం

మా ఊరి హైస్కూలు ఆడపిల్లల ఫుట్‌బాల్ జట్టును ఒకసారి నేనొక్కణ్ణే ఓడించాను. ఎదుటి జట్టులో పదకొండు మంది ఉన్నమాట నిజమే కాని, వాళ్లకి నేను పెద్దగా పని మిగల్చలేదు. ఇందులో గొప్పేముంది అంటారా? ఆ రోజు నేను మా జట్టుకే కోచ్‌ని.

ఇది జరిగి ఆరేళ్లయింది. ఇప్పటికీ శనివారం పొద్దున రొట్టెల కొట్టు ముందు వరసలో నిలబడితే వెనక నుంచి ఎవరో ఒకరు "ఆయనే" అంటారు. జర్మన్లు ఇలాంటివి మెల్లగానే అంటారు. వినపడేంత మెల్లగా.

ముందు ఆ రోజుల్లో నేనెలాంటి ఘటమో చెప్పాలి. చీరాలలో కాలేజీలో ఉండగా గ్రహణం పూట నడిబజారులో నిలబడి పులిహోర తిన్నవాణ్ణి. ఆకలి లేకపోయినా తిన్నాను. పిల్లి ఎదురొస్తే, పని లేకపోయినా బయల్దేరేవాణ్ణి. మంగళవారం క్షవరం చేయించుకోవడం కోసమే జుట్టు పెంచేవాణ్ణి. హేతువాద సంఘం చర్చా వేదికల మీద బాబాల్నీ, జ్యోతిష్కుల్నీ, వాస్తు పండితుల్నీ ఉతికి ఆరేసి, చప్పట్లు తిని బతికాను. ఈ చప్పట్లున్నాయే, మనిషికి చెవులు మూసుకుపోయే జబ్బు తెస్తాయి. నాకు బాగా ముదిరింది.

మా ఆవిడ సుజాతది కరీంనగర్. ఆమెకీ దేవుడి మీద నమ్మకం లేదు. కాని ఆ సంగతి దారిన పోయేవాళ్లందరికీ చెప్పి తీరాలన్న దురద కూడా లేదు. కూతురు పుడితే నేనే పట్టుబట్టి యుక్తి అని పేరు పెట్టాను. జర్మనీలో ఉద్యోగానికి అనుమతిచ్చే బ్లూ కార్డు చేతికొచ్చాక ముగ్గురం ష్వైన్‌ఫర్ట్‌కి రైల్లో ఇరవై నిమిషాల దూరంలో ఉన్న ఈ చిన్న ఊళ్లో దిగాం. ఇక్కడ మీకు ఒక ఇబ్బంది చెప్పాలి. ఈ ఊళ్లో బాబాలు లేరు. జ్యోతిష్కులు లేరు. వాస్తు చూసేవాడు లేడు. వేట కోసం పుట్టిన కుక్కని అపార్ట్‌మెంట్‌లో కట్టేస్తే ఎలా ఉంటుంది? సోఫాలు కొరుకుతుంది. నేనూ కొరకడానికి ఏదైనా దొరుకుతుందా అని చూస్తూ కూర్చున్నాను.

అప్పటికి యుక్తికి పధ్నాలుగేళ్లు. స్కూలు జట్టులో గోల్‌కీపర్. ఒక సాయంత్రం తల్లిదండ్రుల సమావేశంలో టీచరమ్మ, "జట్టుకి సహాయ కోచ్ ఒకరు కావాలి, జీతం ఉండదు, ఎవరైనా ముందుకు వస్తారా?" అంది. గదిలో ముప్పై మంది ఒక్కసారిగా తమ బూట్ల అందం చూసుకోవడం మొదలుపెట్టారు. నేను లేచి నిలబడ్డాను. స్వచ్ఛంద సేవకి మనుషుల్ని ఎంపిక చేసే పద్ధతి శాస్త్రీయంగా ఉండాలని ఒక చిన్న అభ్యంతరం చెబుదామని లేచాను. నోరు తెరిచేలోపు చప్పట్లు మోగాయి. చప్పట్లంటే నాకున్న బలహీనత చెప్పాను కదా. కూర్చునేసరికి సహాయ కోచ్‌ని అయిపోయాను.

అంతకు ముందు జీవితంలో నేను ఆడిన ఆట క్యారమ్స్.

అసలు కోచ్ పేరు హెర్ వోల్ఫర్ట్. ఇక్కడ మగవాళ్లకి హెర్, ఆడవాళ్లకి ఫ్రావ్ అంటే మన 'గారు' లాంటివి. అదే స్కూల్లో టీచరు. పొడుగ్గా, ఎండిన చెట్టులా ఉండే మనిషి. మాటకీ మాటకీ మధ్య ఒక కాఫీ తాగి రావచ్చు. ముప్పై ఏళ్లుగా ఆ జట్టుని నడుపుతున్నాడు. ఆ ఏడాది చివర రిటైరవుతున్నాడు. ఆ ముప్పై ఏళ్లలో మా స్కూలు జిల్లా ఫైనల్ మొహం చూడలేదు. ఆ ఏడాది మాత్రం ఒక్క మ్యాచ్ దూరం దాకా వచ్చింది. బూట్లూ చొక్కాలూ చూసుకునే ఆవిడ ఫ్రావ్ సీగ్లర్, మా జట్టు కెప్టెన్ లేనా వాళ్లమ్మ. ఊళ్లో బేకరీ ఆమెదే. పిండి పిసికిన చేతులతో బూట్ల తాళ్లు లాగి కట్టిందంటే, ఆ రాత్రి బూటు విప్పడానికి ఇంట్లో ఇద్దరు కావాలి.

నేను వెళ్లిన మొదటి మ్యాచ్ రోజునే నా ముక్కుకి వాసన తగిలింది.

ఆటకి గంట ముందు వోల్ఫర్ట్ చేతులు వెనక్కి కట్టుకుని, తల వంచుకుని, మౌనంగా మైదానం చుట్టూ తిరిగాడు. అక్కడక్కడా ఆగి కాలితో నేలని తొక్కాడు. ప్రదక్షిణ! తర్వాత నాలుగు గడ్డిపరకలు తుంచి తలమీదుగా జారవిడిచాడు. అక్షింతలు! గోల్ ముందు ఒక మోకాలు నేలకి ఆనించి, అరచేతిని మట్టికి అద్దాడు. భూమాతకి దండం! ఎండైనా చలైనా నెత్తిమీద అదే పాత ఆకుపచ్చ టోపీ. తాయెత్తు కాకపోతే ఏమిటది? అన్నిటికంటే ఘోరం నా కడుపున పుట్టిన పిల్ల చేసింది. గోల్‌లోకి వెళ్లగానే ఎడమ పోస్టు ముట్టుకుంది. కుడి పోస్టు ముట్టుకుంది. ఎగిరి పైన అడ్డకమ్మీ తాకింది. అంతటితో ఆగిందా? బంతి అవతలి సగంలోకి వెళ్లిన ప్రతిసారీ వెనక్కి వచ్చి, మళ్లీ ఇటొకసారి, అటొకసారి ముట్టుకుంది. గర్భగుడి గడప దాటేవాళ్లు కూడా ఇన్నిసార్లు ముట్టుకోరు.

వోల్ఫర్ట్ క్లాసురూములోకి ఒకసారి తొంగి చూశాను. గోడమీద శిలువ. ఓహో, మత పాఠాలు చెప్పే పంతులు! లెక్క సరిపోయింది. నా లెక్కలన్నీ ఇలాగే, నేను చూడాలనుకున్నది చూడగానే సరిపోయేవి.

ఆ రాత్రి భోజనాల దగ్గర కొరడా తీశాను.

"యుక్తీ, ఆ ఇనపకడ్డీలకి మొక్కడం ఎప్పట్నుంచీ?"

"మొక్కడమా? ముట్టుకుంటున్నా అంతే. కోచ్ చెప్పారు."

"కోచ్ చెప్తే గోడకి తల కొట్టుకుంటావా?"

"నైన్, కొట్టుకోను నాన్నా. అది చెయ్యకపోతే నేనెక్కడున్నానో నాకు తెలీదు."

మీరు గమనించారు కదా? పిల్ల జవాబు చెప్పేసింది. పధ్నాలుగేళ్ల పిల్ల, పప్పన్నం నములుతూ, స్పష్టమైన తెలుగులో చెప్పింది. చెవులున్న ఏ మనిషైనా అక్కడితో ఆగేవాడు. నేను మాత్రం ఆ వాక్యంలో ఆత్మజ్ఞానం, వేదాంతం, మత్తుమందు చూశాను.

"నువ్వెక్కడున్నావో తెలియడానికి స్తంభం కావాలా? ఆత్మవిశ్వాసం కావాలి! మనిషి తన కాళ్ల మీద తాను నిలబడ్డప్పుడే..."

నలభై నిమిషాలు మాట్లాడాను. పప్పు చల్లారింది. సుజాత గిన్నెలు ఎత్తుతూ, "ఎందుకు ముట్టుకుంటున్నవే అని ఒక్క మాట అడుగరాదా పోరిని?" అంది.

"మూఢనమ్మకానికి కారణం అడగడమంటే దానికి గౌరవం ఇవ్వడం!"

చూశారా ఈ వాక్యం? ఎంత గంభీరంగా ఉందో, అంత పనికిమాలింది. చర్చా వేదికల మీద ఇలాంటివి డజన్ల కొద్దీ అమ్ముకున్నాను.

ఆఖరి మ్యాచ్ వచ్చింది. నది అవతలి ఊరి స్కూలుతో, మా మైదానంలో. గెలవక్కర్లేదు, సమంగా ముగిస్తే చాలు, జిల్లా ఫైనల్‌కి వెళతాం. ఆ పొద్దున ఫోన్ మోగింది. వోల్ఫర్ట్.

"హెర్ మన్నవ, నేను రాలేను. బూటు తాడు కట్టుకోవడానికి వంగాను, ఇంక లేవలేకపోయాను. హెక్సెన్‌షుస్."

నడుము పట్టేస్తే జర్మన్లు వాడే మాట అది. మంత్రగత్తె వేసిన బాణం అని అర్థం. నేను ఊరుకుంటానా?

"మంత్రగత్తెలు లేరు, హెర్ వోల్ఫర్ట్. అది నడుము కండరం బిగుసుకుపోవడం."

అవతల ఆయన మూలిగాడు.

"సరే. కండరం. ఇవాళ జట్టు మీ చేతుల్లో ఉంది. ఎప్పటిలాగే చెయ్యండి, అంతే. ముందు మైదానం..."

"మీరేం దిగులు పడకండి!" అని ఫోన్ పెట్టేశాను. ఎప్పటిలాగే చెయ్యండి! లోకంలో ప్రతి మూఢాచారమూ తన పిల్లలకి నేర్పే మొదటి మాట అదే కదా! తోమిన ఇత్తడి బిందెలా మెరిసిపోతూ మైదానానికి వెళ్లాను. ముప్పై ఏళ్ల చీకటిని ఒక్క పూటలో పారదోలే అవకాశం ఎంతమందికి దొరుకుతుంది?

పిల్లల్ని వరసగా నిలబెట్టి ప్రకటించాను. "ఇవాళ్టి నుంచి ప్రదక్షిణలు లేవు. గడ్డి విసరడాలు లేవు. నేలకి దండాలు లేవు. పోస్టులు ముట్టుకోవడం బంద్. మనం మన శక్తితో గెలుస్తాం!"

పదకొండు మందీ, తేనెతుట్టె మీద కాలు వేయబోతున్న మనిషిని చూసినట్టు నన్ను చూశారు.

ఫ్రావ్ సీగ్లర్ రెండు పెట్టెలు మోసుకొచ్చింది. "ఏ బూట్లు వెయ్యమంటారు? పొడుగు మేకులవా, పొట్టివా? వోల్ఫర్ట్ నేల మీద చెయ్యి పెట్టి చూసి చెప్పేవాడు."

"చెయ్యి పెడితే నేల మాట్లాడుతుందా, ఫ్రావ్ సీగ్లర్?" అని ఫోన్ తీసి చూపించాను. "ఇవాళ వాన లేదు. సైన్స్! పొట్టివి చాలు."

"నిన్న కురిసింది కదా," అంది ఆవిడ.

"నిన్న గడిచిపోయింది," అన్నాను. పొగరంటే అదీ.

అవతలి జట్టు కోచ్ ఒక కుర్ర టీచరమ్మ. ఆవిడ కూడా చేతులు వెనక్కి కట్టుకుని మైదానం చుట్టూ తిరుగుతోంది. పాపం, ఈ అంటువ్యాధి నది దాటి కూడా పాకిందే అని జాలిపడ్డాను.

టాస్ మేమే గెలిచాం. లేనా పరుగెత్తుకుంటూ వచ్చింది. "కోచ్, ఏ వైపు తీసుకోమంటారు?"

నా రక్తం సలసల కాగింది. ఏ వైపు! తూర్పా, పడమరా! ఇన్నేళ్లుగా వాస్తు పండితుల్ని చీల్చి చెండాడిన నన్నా ఈ మాట అడగడం?

"ఏ వైపైనా ఒకటే! దిక్కులకి శక్తి ఉండదు!"

"కాని గాలి..."

"ఏ వైపైనా!"

పిల్ల భుజాలెగరేసి వెళ్లిపోయింది. మొదటి సగమంతా గాలికి ఎదురుగా ఆడాం. యుక్తి బలంకొద్దీ తన్నిన బంతి సగం దూరం వెళ్లి, ఇంట్లో ఏదో మరిచిపోయినట్టు వెనక్కి వచ్చేది. పొట్టి మేకుల బూట్లతో మా పిల్లలు తడి గడ్డి మీద, సబ్బునీళ్లు పోసిన బాత్‌రూములో పెళ్లివారిలా జారారు. మొదటి గోల్ ఎలా పడిందో విన్నారా? మా సగంలో రాత్రికి రాత్రి పందికొక్కుకి తమ్ముడిలాంటి జంతువేదో మట్టి తోడి చిన్న గుట్ట పోసింది. మైదానం చుట్టూ తిరిగి చూసుకున్నవాళ్లకి అది కనపడేది. లేనా ఆపబోయిన బంతి ఆ గుట్ట మీద ఎగిరి, ఆమె భుజం మీదుగా అవతలి పిల్ల కాళ్ల ముందు పడింది. గోల్.

మిగతా మూడూ నా కూతురి మీద పడ్డాయి. ఇది చెప్పడం ఇప్పటికీ కష్టమే, నవ్వుతూనే చెబుతాను. గోల్‌కీపర్ ఎప్పుడూ ముందుకే చూస్తుంది, గోలేమో వీపు వెనక ఉంటుంది. యుక్తి ఒకసారి కుడివైపుకి మరీ జరిగిపోయి నిలబడింది. ఎడమవైపు ద్వారం బార్లా తెరిచినట్టుంది. బంతి తాపీగా లోపలికి నడిచింది. ఇంకోసారి ఎడమకి. మూడోసారి, బయటికి పోయే బంతి అనుకుని వదిలేసింది. అది పోస్టుకి జానెడు లోపల నుంచి వెళ్లింది. ఆ పిల్ల చెయ్యి మాటిమాటికీ వెనక్కి వెళ్లేది, పోస్టు కోసం గాలిలో తడిమేది. నేను గీత మీద నిలబడి అరిచేవాణ్ణి:

"ముట్టుకోకు! వెనక్కి చూడకు! ముందుకి చూడు! మనిషి ప్రయాణం ఎప్పుడూ ముందుకే!"

జర్మన్‌లో అరిచాను, నది అవతలి ఊరివాళ్లకి కూడా అర్థం కావాలని. అర్థమైంది. వాళ్లు ఒకళ్లనొకళ్లు పట్టుకుని నవ్వారు.

సగం ఆట ముగిసేసరికి నాలుగు, సున్న. సుజాత ఫ్లాస్కుతో టీ పట్టుకొచ్చింది. కప్పు నా చేతికివ్వలేదు.

"పిల్లను ఆ కట్టె ముట్టనియ్యి."

"సిద్ధాంతం..."

"నీ సిద్ధాంతం నాలుగు గోల్స్ తిన్నది. ఇంకెన్ని తింటది?"

యుక్తి నీళ్లు తాగి, నావైపు చూడకుండా వెళ్లిపోయింది. గోల్‌లో నిలబడి, అప్పుడు చూసింది నావైపు. సూటిగా. చూస్తూ చూస్తూ ఎడమ పోస్టుని చెంప పగలగొట్టినట్టు కొట్టింది. తర్వాత కుడి పోస్టు. తర్వాత పైకమ్మీ. మైదానమంతా మోగింది. ఆ దెబ్బలు ఎవరికి తగలాలో వాళ్లకే తగిలాయి.

రెండో సగంలో గాలి మావైపు తిరిగింది, అంటే మేము గాలివైపు తిరిగాం. ఫ్రావ్ సీగ్లర్ నన్ను అడక్కుండానే పిల్లలందరికీ పొడుగు మేకుల బూట్లు మార్చేసింది. లేనా ఆ మట్టిగుట్టని చదును చేసి వచ్చింది. యుక్తి పోస్టు ముట్టుకుంటూ, ఒక అడుగు జరుగుతూ, వచ్చిన ప్రతి బంతినీ పట్టింది. మావాళ్లు ఒక గోల్ వేశారు. రెండోది వేశారు.

ఇక ఇప్పుడు చెప్పబోయేది మా హేతువాద సంఘం పాత మిత్రులు చదవకుండా ఉంటే బాగుండు. మొదటి గోల్ పడ్డప్పుడు నా ఎడమ కాలు నీళ్ల సీసాల పెట్టె మీద ఉంది. అనుకోకుండా పెట్టాను. కాలు దింపగానే అవతలివాళ్ల బంతి ఒకటి మా పైకమ్మీకి తగిలి గుండె ఆపింది. మళ్లీ పెట్టాను. మా రెండో గోల్. ఇంక దింపలేదు. కాలు తిమ్మిరెక్కింది, దింపలేదు. కొంగలా నిలబడ్డాను. మూడో గోల్ పడింది. నాలుగు, మూడు!

"ఏంది ఆ కాలు?" అంది సుజాత.

"పట్టేసింది."

"అయితే దించు."

"దించను!"

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. పన్నెండేళ్ల కాపురంలో చేసిన వాదనలన్నీ ఆ చూపుతో గెలిచేసింది. తప్పు చెప్పాను, కాపురం అప్పటికి పదహారేళ్లు. ఆ చూపు గుర్తొస్తే ఇప్పటికీ లెక్కలు తప్పుతాయి.

ఈల మోగింది. నాలుగు, మూడు. ఒక్క గోల్. సమంగా ముగిస్తే చాలనుకున్న ఆట ఒక్క గోల్‌తో పోయింది. పిల్లలు గడ్డి మీద కూలబడ్డారు. యుక్తి గ్లవ్స్ తియ్యలేదు, వాటితోనే మొహం కప్పుకుంది. నా కాలు మాత్రం ఇంకా పెట్టె మీదే ఉంది.

మర్నాడు వోల్ఫర్ట్ ఇంటికి వెళ్లాను. నేల మీద వెల్లకిలా పడుకుని, రెండు కాళ్లూ కుర్చీ మీద పెట్టుకుని ఉన్నాడు. నెత్తిమీద టోపీ లేదు. తల కోడిగుడ్డులా నున్నగా ఉంది. టోపీకి సమాధానం అడక్కుండానే దొరికింది.

మిగతావి ఒక్కొక్కటే చెప్పాను. ఆయన పైకప్పు వైపు చూస్తూ ఒక్కొక్క వాక్యంలో కూల్చాడు.

"నడిచేది గుంటల కోసం. గడ్డి గాలి కోసం. చెయ్యి తడి కోసం. పోస్టు... కీపర్ వెనక్కి తిరగకుండా గోల్‌ని కొలుచుకోవడం కోసం."

"మరి నాకెవరూ చెప్పలేదే?"

"మీరు అడగలేదే."

నాకింకో సందేహం పీకింది. "మీ క్లాసులో శిలువ ఉంది కదా. మీరు చెప్పేది మతం కాదా?"

"శిలువ మన బవేరియా రాష్ట్రంలో ప్రతి క్లాసులోనూ ఉంటుంది. నేను చెప్పేది ఫిజిక్స్."

నేల చీలి నన్ను మింగేస్తే బాగుండనిపించింది. అదీ మూఢనమ్మకమే కాబట్టి జరగలేదు.

ఆయనే మళ్లీ అన్నాడు, "మీరు ప్రయోగం చేశారు, మంచిదే. కాని నాలుగింటినీ ఒకేసారి తీసేస్తే ఏది దేనికి పనికొస్తుందో ఎలా తెలుస్తుంది? ఎనిమిదో తరగతి పిల్లలు చేసే తప్పు. నేనైతే మార్కులు వెయ్యను."

కోపం లేదు గొంతులో. ఉంటే బాగుండేది. ముప్పై ఏళ్లు ఎదురుచూసిన ఫైనల్ పోగొట్టినవాడికి ఆయన వేసిన శిక్ష ఒక సున్న మార్కు. లేవబోయి, లేవలేక, "ఆ మంత్రగత్తె గురించి మాత్రం మీరు చెప్పింది కరెక్టే," అన్నాడు.

తిరిగొస్తుంటే మైదానం దగ్గర యుక్తి బంతితో నిలబడి ఉంది. "నాన్నా, గోల్‌లో నిలబడు."

"ఇప్పుడా?"

"యెట్స్ట్." ఇప్పుడే అని.

నిలబడ్డాను. ముందుకే చూడమంది, వెనక్కి చూడొద్దంది, ఏదీ ముట్టుకోవద్దంది. నా మాటలు నాకే తిరిగొచ్చాయి, నా అరుపుతో సహా. మొదటి బంతి ఎటు పోయిందో తెలీదు. రెండోదీ అంతే. మూడోది నా కుడివైపుకి వస్తోంది. గోల్ ఇంకా చాలా ఉందనుకుని వీరుడిలా దూకాను. లేదు. పోస్టు ఉంది. ఆ చప్పుడు ఫ్రావ్ సీగ్లర్ బేకరీ దాకా వినపడిందని తర్వాత చెప్పుకున్నారు.

నుదుటి మీద గోలీకాయంత బుడిపె పట్టుకుని కూర్చుంటే, యుక్తి వచ్చి పక్కన కూర్చుంది. రెండు రోజుల్లో మొదటిసారి నవ్వింది. "ఇప్పుడు తెలిసిందా ఎక్కడున్నావో?"

తెలిసింది. నమ్మేవాడూ అడగడు, నేనూ అడగలేదు. ఇద్దరం ఒకే గుడి మెట్ల మీద కూర్చున్నాం, కాకపోతే నేను వీపు తిప్పి కూర్చున్నాను. ఇన్నేళ్లు నేను చేసిన హేతువాదంలో హేతువు అడగడం ఒక్కటే తక్కువైంది.

కాబట్టి ప్రియమైన పాఠకులారా, ఆ సాయంత్రం నా కూతురి ఎదుట నేను చేసిన ప్రతిజ్ఞ ఇది. ఇకముందు ఏ మనిషి ఏ పని చేస్తున్నా, "ఎందుకు?" అని అడిగి, జవాబు పూర్తిగా విని, అన్నం చల్లారకముందే నోరు మూసుకుని, ఆ తర్వాతే నవ్వుతాను. దేవుడి మీద ఒట్టు వేసే అలవాటు లేదు కనుక లేచి ఎడమ పోస్టు మీద చెయ్యి పెట్టి ప్రమాణం చేశాను.

ఎందుకైనా మంచిదని, కుడి పోస్టు కూడా ముట్టుకుని వచ్చాను.